అమ్మ బొట్టు, నాన్న సంవత్సరీకం

గుంటూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయవద్దని రాసినవారు కోరారు.

వారిది తరతరాలుగా కతోలిక కుటుంబం. నిరుడు వేసవిలో తండ్రి గుండెపోటుతో పోయారు. పదకొండో రోజున గుడిలో, అంటే చర్చిలో, పూజ (మాస్) జరిగింది. భోజనాలకు ముందు పెద్ద మేనత్త, మరికొందరు ఆడవాళ్లు తల్లిని పెరట్లోకి తీసుకువెళ్లారు. బావిగట్టు మీద గాజులు పగలగొట్టి, మెట్టెలు తీసి, తడిగుడ్డతో నుదుటి బొట్టు తుడిచారు. సిలువ గుర్తు ఉన్న తాళిని రేకుపెట్టెలో పెట్టి మూత వేశారు. దగ్గరుండి ఇదంతా చేయించిన మేనత్త కూడా భర్త పోయినావిడే. అప్పటినుంచి తల్లి గుడిలో ముందు వరసలో కూర్చోవడం మానేశారు. శనివారం సాయంత్రం మరియమాత పీఠానికి పూలు సర్దే పని ఏళ్ల తరబడి ఆవిడదే. అదీ మానేశారు.

తమ్ముడికి హైదరాబాదులో ఉద్యోగం. నాలుగేళ్ల కిందట అక్కడ ఒక ప్రార్థన సహవాసంలో చేరాడు. బొట్టు, పూలు, హారతి అన్నీ విగ్రహారాధనే అంటాడు. "అమ్మ బొట్టు పోవడం ఒక రకంగా మంచిదే" అని ఫోనులో అన్నాడట. వచ్చే నెలలో జరిగే తండ్రి సంవత్సరీకానికి రానని చెప్పేశాడు. పూజలో హారతి ఇస్తారు, ఇంట్లో ఫొటోకు దండ వేసి కర్పూరం వెలిగిస్తారు, మధ్యలో తనెందుకు అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలకు చెల్లెలి పెళ్లి. పెళ్లికూతురిని చేసేటప్పుడు తల్లి చేయి పడకూడదని మేనత్తల పట్టు. కాదంటే పెళ్లికి రామంటున్నారు. భర్తేమో గొడవలు పెంచవద్దని ఈ సోదరికి నచ్చజెబుతున్నారు.

ఉత్తరం చివరి మాటలు ఇవి: "మొన్న రాత్రి పడుకోబోతూ అమ్మ నన్ను అడిగింది, గుణదల వెళ్లినప్పుడు మాత్రం బొట్టు పెట్టుకుంటే తప్పా అని. నేను జవాబు చెప్పలేకపోయాను. ఫాదర్, ఇందులో మన విశ్వాసం ఏది, ఊరి ఆచారం ఏది? ఎవరి మాట వినాలి?"

అమ్మా, మీ ప్రశ్నల కంటే ముందు మీ అమ్మగారి ప్రశ్నకు జవాబు చెప్పాలి. తప్పు కాదు. గుణదలలో తప్పు కాదు, మీ ఊరి గుడిలో తప్పు కాదు, ఇంట్లో పొయ్యి దగ్గర నిలబడినప్పుడూ తప్పు కాదు. భర్త పోయిన స్త్రీ ఒంటి మీద నుంచి ఫలానాది తీసేయాలని చెప్పే నియమం కతోలిక సభలో ఒక్కటీ లేదు. ఆమె ముందు వరసలో కూర్చోకూడదని గానీ, పీఠానికి పూలు పెట్టకూడదని గానీ ఎక్కడా లేదు. ఈ మాట ఒక గురువు రాసి పంపాడని ఈ ఉత్తరం ఆవిడకు చదివి వినిపించండి.

ఆవిడ గుణదలనే ఎందుకు తలచుకున్నారో నాకు అర్థమవుతుంది. 1924లో అర్లాటి అనే గురువు విజయవాడ పక్కనున్న ఆ కొండ మీద మరియమాత స్వరూపాన్ని ప్రతిష్ఠించిన నాటి నుంచి అక్కడికి వచ్చేవారిని ఎవరూ వడపోయలేదు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మహోత్సవాలు జరుగుతాయి. తలనీలాలు ఇచ్చి గుండుతో మెట్లెక్కే స్త్రీలు, కొబ్బరికాయ కొట్టే హిందూ కుటుంబాలు, జపమాల పట్టుకున్న ముసలమ్మలు అందరూ ఒకే వరసలో కదులుతుంటారు. పసుపు రాసుకున్న ముఖమేది, బొట్టు లేని ముఖమేది అని అక్కడ చూసేవారుండరు. సొంత ఊళ్లో దొరకని చోటు అక్కడ దొరుకుతుందని ఆవిడకు తోచింది. కొండ మీద దొరికే ఆ చోటు మీ ఊరి గుడిలో ఎందుకు లేకుండా పోయింది? నన్ను బాధపెట్టిన ప్రశ్న ఇదే, ఇది నాలాంటి గురువులకు తగలవలసిన ప్రశ్న. పదకొండో రోజు పూజ చెప్పి, భోజనం చేసి, పెరట్లో ఏం జరుగుతోందో చూడకుండా వెళ్లిపోవడం మా వాళ్లకు అలవాటైంది.

ఇక మీ ప్రశ్న. మీ అమ్మగారి మీద రెండు వైపుల నుంచి ఒత్తిడి వస్తోంది. ఆచారం పేరుతో మేనత్తలు బొట్టు తుడిచారు. విశ్వాసం పేరుతో తమ్ముడు దాన్ని మెచ్చుకున్నాడు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పడదు, అయినా ఆవిడ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట అయింది. ఇద్దరూ అడుగుతున్నది బొట్టు ఎవరిది, హారతి ఎవరిది అనే. మనది అయితే ఉంచాలి, పరాయిది అయితే తీసేయాలి అని ఇద్దరి లెక్క. నేను మిమ్మల్ని అడగమనే ప్రశ్న వేరు. ఈ ఆచారం మనిషిని ఏం చేస్తోంది? ఎదుటి మనిషికి గౌరవం పెంచుతోందా, తగ్గిస్తోందా?

ఇది నేను కొత్తగా కల్పించిన కొలత కాదు. మన సభ ఈ విషయంలో మూడు వందల ఏళ్లకు పైగా తర్జనభర్జన పడింది. 1606లో మదురైకి వచ్చిన యేసుసభ (జెస్యూట్) గురువు రాబర్ట్ డి నొబిలి కాషాయం కట్టి, మాంసం మానేసి, సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చుకుని, జంధ్యం, పిలక, చందనం క్రైస్తవుడికి అడ్డు కాదని వాదించాడు. 1623లో పోపు పదిహేనవ గ్రెగరీ ఆయన వైపే తీర్పు చెప్పారు. అయితే ఆ పద్ధతి తెచ్చిన మచ్చ ఒకటుంది. పై కులాల వారికి ఒక రకం గురువులు, కింది కులాల వారికి మరో రకం గురువులు ఏర్పడ్డారు. 1703లో పోపు ప్రతినిధిగా పుదుచ్చేరి చేరిన టూర్నాన్ 1704లో ఆ పద్ధతుల మీద నిషేధాలు విధించాడు. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టి శకునం చూడకూడదు, తాళి మీద వినాయకుడి బొమ్మ ఉండకూడదు, నుదుట పేడ విభూది పెట్టకూడదు అన్నాడు. అదే శాసనంలో, అంటరానివారని దూరం పెట్టిన పరయ కులస్థులు జబ్బుపడితే వారి ఇంటికి గురువు స్వయంగా వెళ్లి తీరాలన్నాడు. నెలసరిలో ఉన్న స్త్రీలను గుడికి రాకుండా ఆపకూడదన్నాడు. ఒకే కాగితం మీద ఒక వాక్యం ఈ దేశపు అలవాట్లను అర్థం చేసుకోకుండా కొట్టిపారేసింది, పక్క వాక్యం ఈ దేశపు అన్యాయాన్ని నిలదీసింది. 1744లో పోపు పద్నాలుగవ బెనెడిక్ట్ ఆ నిషేధాలను ఖరారు చేశారు. వాటికి కట్టుబడతామని మిషనరీలు చేయవలసిన ప్రమాణాన్ని రోము 1940లో గానీ ఎత్తివేయలేదు.

తర్వాత లోకమంతటి కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) కూడిన రెండవ వాటికన్ మహాసభ వచ్చింది. 1963 నాటి ఆరాధన పత్రం, మూఢనమ్మకంతో విడదీయలేనంతగా పెనవేసుకోనిది ఏదైనా ఒక జాతి సంప్రదాయంలో ఉంటే సభ దాన్ని ఆదరంతో చూడాలని చెప్పింది. 1969లో భారతదేశ పూజకు పన్నెండు అంశాలను రోము అనుమతించింది. చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి శాంతి చెప్పుకోవడం, కొవ్వొత్తికి బదులు నూనె దీపం, హారతి అందులోవే. కాబట్టి మీ విచారణ గురువు, అంటే మీ గుడి బాధ్యత చూసే ఫాదర్, పూజలో హారతి ఇస్తే అది ఆయన సొంత కల్పన కాదు, సభ ఇచ్చిన అనుమతి. అనుమతి అన్నాను, ఆజ్ఞ అనలేదు. ఈ తేడా కాసేపటి తర్వాత మీకు పనికి వస్తుంది.

హారతి మీద అభ్యంతరం మీ తమ్ముడి సహవాసానికి మాత్రమే ఉన్నది కాదు. ఎందరో దళిత కతోలికులు ఏళ్లుగా అడుగుతున్నారు: సంస్కృతి అని మీరు గుళ్లోకి తెచ్చినదంతా ఎవరిది? మా తాతలను గడప దగ్గరే ఆపేసిన గుడుల పద్ధతినే తెచ్చి మా పీఠం ముందు పెడతారా? మా డప్పు సంస్కృతి కాదా? ఆ అడగడంలో న్యాయం ఉంది. తెలుగునాట క్రైస్తవుల్లో పెద్ద భాగం వారే. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతపై విధాన పత్రం తెస్తూ, సభ లోపల కూడా అంటరానితనం ఉందని ఒప్పుకుంది. అందుకే ఎవరైనా "ఇది మన సంస్కృతి" అనగానే నేను తలవంచను. బావిగట్టు మీద గాజులు పగలగొట్టడమూ మన సంస్కృతేనని మీ మేనత్తలు అంటారు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించినదీ ఈ నేల మీదే. 2022 మేలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ, భర్త పోయిన స్త్రీల గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం మానాలని తీర్మానం చేసింది. అది ఒక మామూలు పల్లె. సంస్కృతి పేరుతో మాట్లాడే హక్కు మీ మేనత్తలకు ఎంత ఉందో ఆ పల్లెకూ అంతే ఉంది.

ఇప్పుడు మీ తమ్ముడి సంగతి. అతడిది పట్టుదల మాత్రమే అనుకోకండి, అందులో భయభక్తులు ఉన్నాయి. కొరింతు సంఘంలో ఇలాంటి గొడవే వచ్చింది. విగ్రహాలకు అర్పించిన మాంసం తినవచ్చా అని వాళ్లు తగువులాడుకున్నారు. విగ్రహం ఉత్తదేనని తెలిసినవాడు తినవచ్చు, కానీ తన తిండి వల్ల సోదరుడి మనస్సాక్షి దెబ్బతినేట్టయితే మానేస్తాను అన్నాడు పౌలు. మీ తమ్ముడు హారతి ముందు నిలబడలేనంటే అతడి మనస్సాక్షిని గౌరవించండి, బలవంతం చేయకండి. అయితే రోమీయులకు రాసిన లేఖలో అదే పౌలు, ఇంకొకరి సేవకుడికి తీర్పు తీర్చడానికి నువ్వెవరు అని అడిగాడు. అతడి మనస్సాక్షి అతడి నుదుటిని శాసించవచ్చు. తల్లి నుదుటి మీద దానికి అధికారం లేదు. ఆవిడ బొట్టు పెట్టుకున్నన్నాళ్లూ ఏ విగ్రహానికీ మొక్కలేదు. విభూది బుధవారం నాడు అదే నుదుటి మీద గురువు చేత సిలువ గుర్తు వేయించుకుంది. ఈ మాట అతడికి మీరే చెప్పండి, అతడు నమ్మే బైబిలు వాక్యాలతోనే చెప్పండి.

ఫొటోకు దండ, దీపం విషయంలో అతడికి చెప్పదగినది మరొకటుంది. నాన్నగారి అంత్యక్రియల రోజు గుర్తుచేసుకోండి. పూజ చివర గురువు శవపేటిక చుట్టూ తిరిగి తీర్థం చల్లాడు, ధూపపాత్ర ఊపుతూ మళ్లీ ఒకసారి తిరిగాడు. బొగ్గుల మీద సాంబ్రాణి వేసినప్పుడు లేచిన ఆ పొగను ఎవరూ ఆరాధన అనుకోలేదు. జ్ఞానస్నానం పొందిన దేహం పవిత్రాత్మకు ఆలయమైంది కాబట్టి ఆ మర్యాద. దేవునికి మాత్రమే చెందే ఆరాధన వేరు, స్వరూపాలకు, మనుషులకు ఇచ్చే గౌరవం వేరు అని 787లో రెండవ నైసియా మహాసభ తేల్చింది. ధూపం, దీపాలు ఆ గౌరవంలో భాగమేనని కూడా చెప్పింది. అతడు ఒప్పుకోకపోవచ్చు. కనీసం మీరు చేసేది తెలివితక్కువ పని కాదని తెలుసుకుంటాడు.

సంవత్సరీకానికి మీ ముందు మూడు దారులు ఉన్నాయి. అనుకున్నట్టే పూజలో హారతి, ఇంట్లో కర్పూరం, దండ అన్నీ జరిపించవచ్చు. తప్పేమీ లేదు. తమ్ముడు రాడు, పెళ్లినాటికి ఆ దూరం ఇంకాస్త గట్టిపడుతుంది. రెండోది, అతడి కోసం పూజనే మానుకుని ఒట్టి ప్రార్థన కూడిక పెట్టడం. ఇది నేను వద్దంటాను. చనిపోయిన వారి కోసం ప్రార్థించడం, పూజ చెప్పించడం మన విశ్వాసంలో పక్క వాకిలి కాదు. యుద్ధంలో చనిపోయిన తనవారి పాపాల కోసం యూదా మక్కబీయుడు యెరూషలేముకు కానుక పంపిన సంగతి మన బైబిలులో ఉంది. తమ్ముడు చదివే ప్రొటెస్టెంటు బైబిలులో ఆ గ్రంథం ఉండదు, అందుకే ఈ విషయంలో అతడితో వాదం తెగదు. భర్త కోసం పూజ చెప్పించుకోవడం మీ అమ్మగారి హక్కు, దాన్ని ఎవరికోసమూ వదలకండి.

మూడోది నాకు నచ్చిన దారి. పూజ యథావిధిగా జరగనివ్వండి, కానీ ఆ ఒక్క రోజుకు హారతి వద్దని విచారణ గురువును అడగండి. అది ఆజ్ఞ కాదు, అనుమతి కాబట్టి ఆయన మానేయగలరు. ఇంట్లో ఫొటో దగ్గర పూలు, ఒక దీపం చాలు, కర్పూరం వెలిగించి తిప్పకండి. తమ్ముడిని గుడిలో ఊరికే కూర్చోమనండి, మోకరించమని గానీ పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకోమని గానీ ఎవరూ పోరవద్దు. మధ్యాహ్నం ఇంటి దగ్గర, భోజనాలకు ముందు, నాన్నకు ఇష్టమైన ఒక కీర్తన చదివి తన పద్ధతిలో ప్రార్థన చేయమని అతడినే అడగండి. ఇందులోనూ నష్టం ఉంది. హారతి లేదని మీ మేనత్తలు సణుగుతారు, తమ్ముడి మాట నెగ్గిందని అనుకుంటారు. అంత చేసినా అతడు రాకపోవచ్చు. అయినా ఇది చేయదగినదే అంటాను. హారతి మానితే దేవుడి గౌరవం తగ్గదు, మీ నాన్నగారి గౌరవమూ తగ్గదు. బొట్టు విషయం అలా కాదు. దాన్ని తుడిచిన తీరులో ఒక మనిషిని తక్కువ చేయడం ఉంది. అందుకే హారతి వదులుకోమంటున్న నేనే బొట్టు విషయంలో తగ్గవద్దంటున్నాను.

తగ్గవద్దన్నాను కదా అని రేపు ఉదయమే కుంకుమ భరిణె తెచ్చి అమ్మ ముందు పెట్టకండి. పదకొండో రోజున ఆవిడను ఎవరూ అడగలేదు. మీరు కూడా అడగకుండా పెడితే అదే జరిగినట్టు అవుతుంది. "నీకు ఏం కావాలమ్మా" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆవిడ మళ్లీ పెట్టుకుంటానంటే, గుణదలలో మొదలుపెట్టడం ఒక పద్ధతి. తెలియనివాళ్ల మధ్య ధైర్యం చిక్కుతుంది. కానీ కొండ దిగగానే తుడిచేసుకోవలసి వస్తే, తప్పు చేసి దాచుకుంటున్నట్టు ఆవిడకే అనిపిస్తుంది. మీ ఊరి గుడికే ఒక ఆదివారం పెట్టుకుని రావడం కష్టమైన దారి. నాలుగు వారాలు చూపులు, గుసగుసలు ఉంటాయి. తర్వాత అలవాటవుతుంది. వద్దు, ఆయన లేకుండా నాకు మనసు ఒప్పదు అని ఆవిడే అంటే అదీ మంచిదే, అప్పుడు అది ఆవిడ దుఃఖం, ఆవిడ నిర్ణయం. బొట్టు ఎలా ఉన్నా ముందు వరస, మరియమాత పీఠం పూలు మాత్రం వెంటనే ఆవిడకు తిరిగి రావాలి. వచ్చే శనివారం మీరు తోడు వెళ్లండి, బుట్ట ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి.

పెద్ద మేనత్త గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నేను అక్కడే చాలాసేపు ఆగిపోయాను. ఆవిడకూ ఏదో ఒక రోజు గాజులు పగలగొట్టారు. అప్పుడు ఏడ్చి ఉంటుంది, ఎవరూ అడ్డుపడలేదు. ఇది దేవుడు పెట్టిన కట్టడి, తప్పదు అనుకుని ఇన్నేళ్లు బతికింది. ఇప్పుడు మీ అమ్మగారికి అవసరం లేదంటే, తనకూ అవసరం లేకపోయిందన్నమాట. ఆ సంగతి ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆవిడ పట్టుదల వెనుక కాఠిన్యం కంటే ఈ బాధే ఎక్కువగా ఉందని నా నమ్మకం. అందుకని నలుగురిలో ఆవిడను తప్పుపట్టకండి. ఒంటరిగా వెళ్లి, "అత్తా, మామయ్య పోయినప్పుడు నీకు ఎలా ఉండింది" అని అడగండి. మాట్లాడనివ్వండి. ఆ రోజున పెళ్లి ప్రస్తావన తేకండి. ఆవిడ మారుతుందని మాట ఇవ్వలేను. కానీ ఆవిడ ఒప్పుకుంటే మిగతా మేనత్తలు నోరెత్తరు, ఒప్పుకోకపోయినా తనను అవమానించారన్న మాట మీ మీద ఉండదు.

పెళ్లి విషయంలో అందరికంటే బలమైన గొంతు మీ చెల్లెలిది. "మొదటి పసుపు మా అమ్మ చేతితోనే రాయించుకుంటాను" అని పెళ్లికూతురు అంటే కాదనడం ఎవరికైనా కష్టం. ఆ మాట ఇప్పుడే అనాలి, పెళ్లి పందిట్లో కాదు. వరుడి వాళ్లకూ ముందే తెలియాలి. ఎవరి నోటి నుంచో వింటే అపశకునమన్న మాట పుట్టవచ్చు. గుడిలో మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. తాళిని ఆశీర్వదించేటప్పుడు ఆ పళ్లెం పట్టుకుని పీఠం దగ్గరకు మీ అమ్మగారు రావాలని గురువును అడగండి. కాదనే గురువు ఉంటాడనుకోను. ఇందువల్ల ఒకరిద్దరు మేనత్తలు నిజంగానే రాకపోవచ్చు, ఆ లోటు మీ అమ్మగారినే ఎక్కువ బాధపెట్టవచ్చు. అందుకే ఈ సంగతి కూడా ముందే ఆవిడతో మాట్లాడి, ఎంతవరకు భరించగలరో ఆవిడనే చెప్పనివ్వండి. ఇంట్లో పసుపు మేనత్తలకు వదిలి, గుడిలో పళ్లెం తాను పట్టుకుంటానని ఆవిడ అంటే, దాన్ని ఓటమి అనుకోకుండా ఒప్పుకోండి.

మీ వారు గొడవలు వద్దంటున్నారని రాశారు. ఆయనకు ఈ ఉత్తరం చూపించండి. ఆయన చేయగలిగిన పని ఒకటుంది. తమ్ముడి దగ్గరకు హైదరాబాదు వెళ్లి ఎదురుగా కూర్చుని మాట్లాడడం. ఫోనులో ఈ మాటలు కుదరవు. బావగా ఆయన మాటకు ఉండే బరువు వేరు.

తేదీ ఖాయం చేయకముందే మీ విచారణ గురువును కలవండి, మీ అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. పెరట్లో జరిగిందేమిటో ఆవిడ నోటితోనే ఆయన వినాలి. ఆ తర్వాత ఏదో ఒక ఆదివారం ప్రసంగంలో ఆ విషయం ఎత్తమని, పేర్లు లేకుండా చెప్పమని కోరండి. అవసరమైతే నాకు మళ్లీ రాయండి, నేను ఆయనతో మాట్లాడతాను.